తన్నుకు పట్టే సమయం: వాన్ డామ్ ఎలా ఎదిగాడు, ఎందుకు పడ్డాడు

1988లో ‘బ్లడ్‌స్పోర్ట్’ సినిమా అమెరికా థియేటర్లలో దాదాపు కోటీ పద్దెనిమిది లక్షల డాలర్లు వసూలు చేసింది. 1997లో ‘డబుల్ టీమ్’ వసూలు చేసింది కూడా కాస్త అటూ ఇటూగా అంతే. మొదటిది జాన్ క్లాడ్ వాన్ డామ్ అనే బెల్జియం యువకుణ్ణి తారను చేసింది. రెండోది వచ్చేసరికి అతని పని అయిపోయిందని హాలీవుడ్ లెక్కలు వేసుకుంది. మొదటిదానికి అయిన ఖర్చు ఇరవై లక్షల డాలర్ల చుట్టుపక్కల. రెండోదానికి దాదాపు మూడు కోట్లు. చూడటానికి వచ్చిన జనం ఇంచుమించు అంతే ఉన్నా, వాళ్ళ ముందు నిలబెట్టిన మనిషి ధర మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది.

కరాటే, కుంగ్ ఫూ, ఐకిడో లాంటి విద్యలతో తెరమీదికొచ్చిన హీరోలు ఇంత వేగంగా ఎదిగి అంతకంటే వేగంగా ఎందుకు పడిపోతారన్నది సినిమా రాతల్లో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. దొరికే జవాబులన్నీ మనిషినే వేలెత్తి చూపుతాయి. వయసు మీద పడిందంటారు, మత్తుకు లొంగాడంటారు, డబ్బు తలకెక్కిందంటారు. లేదా జనం అభిరుచి మారిందంటారు. వీటిలో నిజం లేదనను. కానీ ఇవన్నీ కలిపినా లెక్క తేలడం లేదు. ఫైటు తీయడానికి ఎన్ని రోజులిచ్చారు, హీరో ఎదురుగా నిలబడి దెబ్బతిన్న బృందం ఎలాంటిది అన్న రెండు సంగతులు కలిపి చూస్తేనే ఈ తారల జాతకాలు అర్థమవుతాయని నా నమ్మకం. వాన్ డామ్ జీవితం ఇందుకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం.

అసలు పేరు జాన్ క్లాడ్ వాన్ వారెన్‌బర్గ్. 1960 అక్టోబర్ 18న బ్రస్సెల్స్‌లో పుట్టాడు. బక్కపలచగా ఉన్న కొడుకును తండ్రి కరాటే బడిలో చేర్చాడు. పదహారేళ్ళ వయసులో బ్యాలే నాట్యం మొదలుపెట్టి ఐదేళ్ళు నేర్చుకున్నాడు. ఈ బ్యాలే ముచ్చటను చాలామంది సరదా విశేషంగా చెప్పి దాటేస్తారు. అతని తెర జీవితానికి పునాది అక్కడే పడిందని నేననుకుంటాను. కరాటే దెబ్బ ఎదుటివాడికి తగిలితే చాలు, అది చూసేవాళ్ళకు ఎలా కనిపించిందన్న చింత దానికి లేదు. నాట్యానికి కనిపించడమే ప్రాణం. గాలిలో తిరుగుతున్న ఒళ్ళు ఎక్కడ లిప్తపాటు నిలిచినట్టు అనిపించాలో, పాదం చివర ఎంత సాగాలో, మెడ ఎటు వాలాలో వాన్ డామ్‌కు బ్యాలే నేర్పింది. రింగులో నిజంగా పోటీపడ్డ కరాటే వీరుల్లో అతని కంటే గట్టివాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ కెమెరా ముందు వాళ్ళ తన్ను కంటికి ఆనకముందే అయిపోయేది, ఇతని తన్ను మాత్రం పూర్తిగా కనిపించేది.

బ్రస్సెల్స్‌లో జిమ్ నడిపి, 1982లో అమెరికా చేరాడు. డ్రైవరుగా, బార్లో బౌన్సరుగా, తివాచీలు పరిచే పనివాడుగా బతికాడు. ‘బ్రేకిన్’ అనే డాన్సు సినిమాలో గుంపులో ఒకడుగా చిందులేశాడు. ‘ప్రెడేటర్’లో వింతజీవి వేషానికి కుదిరి, కొద్దిరోజులకే ఆ అవకాశం పోగొట్టుకున్నాడు. హాంకాంగ్ దర్శకుడు కోరీ యూన్ తీసిన ‘నో రిట్రీట్, నో సరెండర్’లో రష్యన్ విలన్‌గా మొదటిసారి నలుగురి కళ్ళలో పడ్డాడు. ఆ తర్వాత కానన్ సంస్థ అధిపతి మెనహెమ్ గోలన్ ఒక రెస్టారెంటు బయట ఎదురుపడితే, ఆయన తల మీదుగా కాలు విసిరి చూపించాడని, దాంతో మర్నాడు ఆఫీసుకు రమ్మన్నారని వాన్ డామ్ చెబుతూ వచ్చాడు. ఆ పరిచయం నుంచి పుట్టిందే ‘బ్లడ్‌స్పోర్ట్’.

కానన్ వ్యాపారం తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సినిమా పూర్తికాకముందే, ఒక్కోసారి మొదలుకాకముందే, పోస్టరు చూపించి దేశాలవారీగా హక్కులు అమ్మేసేవారు. హీరో పేరు చూసి ఏరియాకింత అని అడ్వాన్సులిచ్చే మన బయ్యర్ల పద్ధతికి అది పెద్ద రూపం. అలాంటి సంస్థ హాంకాంగ్‌లో చౌకగా తీసి, బాగా రాలేదనుకుని చాలాకాలం పక్కన పడేసిన సినిమా ‘బ్లడ్‌స్పోర్ట్’. దాన్ని మళ్ళీ ఎడిట్ చేయించడానికి వాన్ డామ్ స్వయంగా కూర్చున్నాడు. ఫ్రాంక్ డక్స్ అనే వ్యక్తి నిజజీవితమని చెప్పుకున్న ఆ కథ నిజం కాదని లాస్ ఏంజెలెస్ టైమ్స్ అదే ఏడాది నిలదీసింది. కథ సంగతి ఎలా ఉన్నా, ఫైట్లు మాత్రం అబద్ధమాడలేదు.

ఆ సినిమా ఇప్పుడు చూసినా ఒకటి స్పష్టంగా తెలుస్తుంది. తన్ను వేసేటప్పుడు కెమెరా దూరం జరిగి, తల నుంచి మడమ దాకా మనిషినంతా చూపిస్తుంది. తిరిగి తన్నే తన్నును నెమ్మదిగా, రెండు మూడు కోణాల నుంచి మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. చివరి పోరులో బోలో యూంగ్ పొడి చల్లి అతని కళ్ళు కనపడకుండా చేస్తాడు. అక్కడి నుంచి పోరు అంతా కళ్ళు మూసుకునే చేయాలి. బోలో అప్పటికే బ్రూస్ లీతో ‘ఎంటర్ ది డ్రాగన్’లో కనిపించినవాడు, దెబ్బ వేయడం, తినడం, పడటం తెలిసినవాడు. ఎదుటివాడు సరిగ్గా పడితేనే మనవాడి తన్నుకు బరువు వస్తుంది. హాంకాంగ్‌లో తీసినందువల్ల ఇలాంటివాళ్ళు చవగ్గా, చేతికందేంత దగ్గర్లో దొరికారు. 1989లో థాయ్‌లాండ్‌లో తీసిన ‘కిక్‌బాక్సర్’కు కూడా ఇదే మేలు జరిగింది. అయుతయ శిథిలాల మధ్య సాధన, గురువు శిష్యుడి కాళ్ళను తాళ్ళతో విడదీసి లాగే సన్నివేశాలు ఊళ్ళ వీడియో పార్లర్లలో చూసి పెరిగిన తరం మన దగ్గర కూడా ఉంది. కుర్రాళ్ళు రెండు కుర్చీల మధ్య కాళ్ళు చాపి కూర్చునే ప్రయత్నాలు చేసిన రోజులవి.

అయితే ప్రమాదం కూడా అదే ఏడాది బయటపడింది. చేజారిన వేరే సినిమాల కోసం సిద్ధం చేసుకున్న సెట్లూ దుస్తులూ వాడుకుంటూ కానన్ ‘సైబోర్గ్’ను హడావిడిగా, అతి తక్కువ ఖర్చుతో చుట్టేసింది. ఆ షూటింగులో వాన్ డామ్ చేతిలోని కత్తి తగిలి ఒక సహనటుడి కంటికి తీవ్రంగా గాయమైంది. ఆయన కోర్టుకెళ్తే దాదాపు ఐదు లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. అడుగులు కొలిచి, దూరాలు చూసుకుని, పదిసార్లు నెమ్మదిగా చేసి, ఆ తర్వాతే వేగం పెంచాల్సిన పనిని తొందరలో చేస్తే ఏమవుతుందో ఆ కన్ను చెబుతోంది. వాన్ డామ్ మీద వచ్చిన వ్యాసాల్లో ఈ సంఘటన అతని నిర్లక్ష్యానికి ఉదాహరణగా మాత్రమే కనిపిస్తుంది. నిర్లక్ష్యం ఉంది, కాదనను. కానీ ఆ తొందర నిర్మాతది.

1992లో ‘యూనివర్సల్ సోల్జర్’, 1993లో జాన్ వూ అమెరికాలో తీసిన మొదటి సినిమా ‘హార్డ్ టార్గెట్’, 1994లో ‘టైమ్‌కాప్’. ఈ మూడూ అతన్ని శిఖరానికి చేర్చాయి. ‘టైమ్‌కాప్’ ప్రపంచవ్యాప్తంగా పది కోట్ల డాలర్లు దాటింది. అతను హీరోగా చేసిన సినిమాల్లో అంతకు మించి ఆడింది లేదు. ఆ ఏడాది చివర్లోనే ‘స్ట్రీట్ ఫైటర్’ వచ్చింది. డబ్బు లెక్కన అదీ బాగానే ఆడింది. కానీ నా దృష్టిలో పతనం అక్కడే మొదలైంది, అది ఎలా మొదలైందో తెలుసుకోవడం అవసరం.

వీడియో గేమ్ ఆధారంగా తీసిన సినిమా అది. ఆ గేమ్‌లో ఉన్నదంతా కొట్లాటే. ఎందరో వీరులు, ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు పోరు. దర్శకుడు స్టీవెన్ డిసూజా తర్వాతి రోజుల్లో చెప్పిన ప్రకారం, నటుల కోసం పెట్టుకున్న డబ్బులో సింహభాగం వాన్ డామ్‌కు, విలన్ పాత్ర వేసిన రౌల్ జూలియాకు వెళ్ళిపోయింది. మిగిలిన పాత్రలకు చాలావరకు పోరాట విద్య తెలియనివాళ్ళను తీసుకోవాల్సి వచ్చింది. వాళ్ళకు ముందుగా తగినంత శిక్షణ ఇవ్వాలన్న షరతు మీదే ఫైట్ మాస్టర్ ఒప్పుకున్నాడు. జూలియా సన్నివేశాలు ముందు తీస్తూ, ఆ వ్యవధిలో మిగతావాళ్ళను తయారుచేయాలని పథకం. తీరా జూలియా థాయ్‌లాండ్ చేరేసరికి క్యాన్సర్‌తో బాగా చిక్కిపోయి ఉన్నాడు. ఆయన కోలుకునేదాకా ఆగుదామని వరస తారుమారు చేశారు. ఫలితంగా ఫైట్లు ముందుకొచ్చాయి. షాటుకు కొద్ది గంటల ముందు నేర్చుకుని కెమెరా ముందు నిలబడ్డవాళ్ళున్నారు. పాపం జూలియా ఆ సినిమా విడుదలకు రెండు నెలల ముందే కన్నుమూశాడు. అంత నొప్పిలోనూ ఆయన చేసిన నటన ఒక్కటే ఆ సినిమాలో ఈనాటికీ నిలిచింది.

హీరో ధర పెరిగింది కాబట్టి ఫైటుకు డబ్బు తగ్గింది. ఫైటు తగ్గితే హీరో ధరకు ఆధారం ఉండదు. అయినా ఆ ఆధారం లేదని తేలడానికి రెండు మూడు సినిమాలు పడుతుంది. ఈలోగా అందరూ పేరు మీదే వ్యాపారం చేస్తారు. పోరాట తారలందరి కథల్లోనూ ఈ చక్రం తిరుగుతూ కనిపిస్తుంది.

ఇప్పుడు మామూలుగా చెప్పే కారణాల దగ్గరికి వద్దాం. వయసన్నది అసలు నిలబడదు. ‘డబుల్ టీమ్’ నాటికి వాన్ డామ్‌కు ముప్పై ఆరేళ్ళు, పెద్ద ఎత్తున థియేటర్లకొచ్చిన చివరి హీరో చిత్రం ‘యూనివర్సల్ సోల్జర్: ది రిటర్న్’ నాటికి ముప్పై ఎనిమిది. కొకైన్ సంగతి తీవ్రమైనది. ఆ రోజుల్లో దానికి బానిసయ్యానని అతనే ఒప్పుకున్నాడు, తర్వాత బైపోలార్ డిజార్డర్ ఉందని వైద్యులు తేల్చారని కూడా చెప్పాడు. ఒక మనిషి జబ్బును అతని గర్వం ఖాతాలో వేసి నవ్వుకోవడం నాకు నచ్చదు. సినిమా వరకు చూస్తే ఆ వ్యసనం కూడా మింగింది షూటింగ్ రోజులనే. హీరో గదిలోంచి రాకపోతే దర్శకుడు డూప్‌ను పెట్టి, ముఖం కనపడని షాట్లు తీసుకుంటాడు. ఇక డబ్బు. మూడు సినిమాలకు కలిపి మూడు కోట్ల అరవై లక్షల డాలర్లు ఇస్తామన్న ఒప్పందాన్ని కాదని, జిమ్ క్యారీకి ఇచ్చినట్టు సినిమాకు రెండు కోట్లు అడిగానని, ఆ తర్వాత పెద్ద సంస్థల తలుపులు మూసుకున్నాయని వాన్ డామే చెప్పుకున్నాడు. క్యారీ ముఖం ఒక్కటి ఉంటే ‘కేబుల్ గై’ నడుస్తుంది. వాన్ డామ్ తన్నుకు ఎదుట ఇరవైమంది ఫైటర్లు కావాలి, వాళ్ళతో నెల రోజుల సాధన కావాలి. ఆ లెక్క ఆ బేరంలో ఎవరికీ తట్టినట్టు లేదు.

హాంకాంగ్ దర్శకులను వరసగా తెచ్చుకోవడం అతను చేసిన మంచి పని. జాన్ వూ తర్వాత రింగో లామ్, త్సుయి హార్క్. వాళ్ళను అమెరికాకు పరిచయం చేసిన గౌరవం చాలామటుకు అతనిదే. కానీ దర్శకులు వచ్చారు గానీ, వాళ్ళ వెనక హాంకాంగ్‌లో ఉన్న వ్యవస్థ రాలేదు. ‘హార్డ్ టార్గెట్’ సెన్సారు రేటింగు కోసం పలుమార్లు కత్తిరింపులకు లోనైంది. ‘డబుల్ టీమ్’లో బాస్కెట్‌బాల్ ఆటగాడు డెన్నిస్ రాడ్‌మన్‌ను పక్కన పెట్టారు. రోమ్‌లోని పాత పోరుబరిలో పేలుళ్ళు, పులి, మందుపాతరలు అన్నీ ఉన్నాయి. ఒక మనిషి మరో మనిషితో నిండుగా రెండు నిమిషాలు పోరాడే దృశ్యం కోసం మాత్రం వెతుక్కోవాలి.

జాకీ చాన్ అనుభవం ఈ వాదనకు అన్నిటికంటే బలమైన రుజువు. 1985లో ఆయన అమెరికా మార్కెట్ కోసం జేమ్స్ గ్లికెన్‌హాస్ దర్శకత్వంలో ‘ది ప్రొటెక్టర్’ చేశాడు. ఫైట్లు తీసే పద్ధతి మీద దర్శకుడితో కుదరలేదు, సినిమా పోయింది. అదే ఏడాది హాంకాంగ్‌లో, తన పద్ధతిలో ఇదీ పోలీసు సినిమా అని చూపించడానికి ‘పోలీస్ స్టోరీ’ తీశాడు. అది హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రమైంది. ఒకే మనిషి, ఒకే వయసు, అదే ఒళ్ళు. తేడా అంతా ఒక్కచోటే. హాంకాంగ్‌లో గోల్డెన్ హార్వెస్ట్ సంస్థ ఆయనకు కావలసినన్ని రోజులిచ్చింది. పక్కన సొంత స్టంట్ బృందం ఉంది. చిన్ననాటి నుంచి పెకింగ్ ఒపెరా బడిలో సమో హంగ్ లాంటివాళ్ళతో కలిసి పెరిగినవాడికి ఎదుటివాడి ఊపిరి కూడా తెలుసు. ‘డ్రంకెన్ మాస్టర్ 2’ చివరి పోరును నెలల తరబడి తీశారు. అమెరికాలో మొత్తం సినిమాకే అన్ని రోజులు దొరకవు. నలభై దాటాక ‘రష్ అవర్’తో అమెరికాను గెలిచినప్పుడు కూడా ఆయన బరువంతా హాస్యం మీద వేశాడు. అక్కడి ఫైట్లు హాంకాంగ్ ఫైట్లకు సాటిరావని ఆయనకూ తెలుసు.

స్టీవెన్ సెగాల్ కథ దీనికి అటుపక్క నిలుస్తుంది. ఒసాకాలో ఐకిడో బడి నడిపినవాడు, 1988లో ‘అబవ్ ది లా’తో నేరుగా హీరోగా వచ్చాడు. 1992లో ‘అండర్ సీజ్’ ప్రపంచవ్యాప్తంగా పదిహేను కోట్ల డాలర్లు దాటింది. ఐకిడోలో విసిరేవాడికంటే పడేవాడి నేర్పే ఎక్కువ. మణికట్టు తిప్పిన దిక్కుకు ఒళ్ళు వదిలి, ఎముక విరగకుండా నేలకు చేరగలిగినవాడు ఎదుట ఉండాలి. తొలి చిత్రాల్లో అలాంటివాళ్ళున్నారు. 2002 తర్వాత అతని సినిమాలు థియేటర్లు వదిలి నేరుగా డీవీడీల్లోకి వెళ్ళాయి. రొమేనియా, బల్గేరియాల్లో తీసేవారు. చాలా ఫైట్లలో వెనక నుంచి కనిపించేది డూప్. కొన్ని సినిమాల్లో అతని పాత్రకు గొంతు కూడా ఇంకొకరిదే. డీవీడీ డబ్బా మీద ముఖం ఉంటే అమ్మకానికి చాలు అన్న లెక్క చివరికి అక్కడ తేలింది. వాన్ డామ్‌కు కొకైన్ వల్ల జరిగిందనుకున్నది సెగాల్‌కు అదేమీ లేకుండానే జరిగింది కదా.

థాయ్‌లాండ్ టోనీ జా సంగతి ఇంకో తీరు. పన్నా రిత్తిక్రాయ్ దగ్గర ఏళ్ళ తరబడి తయారై 2003లో ‘ఓంగ్ బాక్’తో వచ్చాడు. గాల్లోకి లేపే తీగలు లేవు, గ్రాఫిక్సు లేదు. రెండేళ్ళకు ‘టామ్ యమ్ గూంగ్’లో మెట్ల మీదుగా నాలుగు నిమిషాలు కోత లేకుండా సాగే పోరు చేశాడు. అంత దీర్ఘమైన టేకు ఒక్కడి విద్యతో సాధ్యపడేది కాదు. కెమెరా పట్టుకుని పరుగెత్తినవాడి నుంచి, కింద పడ్డ చివరి ఫైటరు దాకా అందరిదీ ఒకే లయ. ఆ తర్వాత దర్శకత్వం కూడా భుజాన వేసుకుని ‘ఓంగ్ బాక్ 2’ మొదలుపెట్టాడు. డబ్బు చిక్కులు వచ్చాయి, ఒత్తిడి తట్టుకోలేక సెట్ వదిలి వెళ్ళిపోయాడు. గురువు పన్నా వచ్చి చేయందిస్తేగానీ సినిమా పూర్తికాలేదు. 2010లో సన్యాసం తీసుకుని కొంతకాలం ఆశ్రమంలో గడిపాడు. ముప్పై నాలుగేళ్ళ వయసులో, ఒళ్ళు మంచి దశలో ఉండగానే అతని శిఖరం వెనకబడిపోయింది.

మన దగ్గర కరాటే హీరోలకు ఇలాంటి పతనం పెద్దగా రాలేదు, అందుకు కారణముంది. 80వ దశకం మొదట్లో సుమన్, భానుచందర్ ఆ విద్యతోనే తెలుగు తెరకు కొత్త వేగం తెచ్చారు. కానీ తెలుగు సినిమా ఎవర్నీ ఆ ఒక్క విద్యకు కట్టిపడేయదు. పాట, కన్నీళ్ళు, కుటుంబం, హాస్యం అన్నీ అడుగుతుంది. అందుకే సుమన్ ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరస్వామి కాగలిగాడు, పదేళ్ళకు ‘శివాజీ’లో విలన్ కాగలిగాడు. పవన్ కళ్యాణ్ ‘తమ్ముడు’లో చేసిన శిక్షణ దృశ్యాలు చూసి కుర్రాళ్ళు ఊగిపోయారు గానీ, ఆయన అభిమానగణం ఆ విద్య మీద ఆధారపడి నిలవలేదు. ఇందులో లాభంతో పాటు నష్టం కూడా ఉంది. ఫైటులో హీరోకు ఏమొచ్చన్నది మనకు పట్టదు కనుక, ఎదుటివాణ్ణి రోప్ కట్టి నలభై అడుగులు ఎగరేస్తే సరిపోతుందన్న అలవాటు స్థిరపడింది. నిజంగా విద్య తెలిసిన నటుడు వచ్చినా, దాన్ని నిండుగా చూపించే షాటు మన దగ్గర దొరకడం అరుదు. తెలుగు ఫైటర్లలో ఉన్న నేర్పుకు ఇది అన్యాయమని గట్టిగా అనిపిస్తుంది.

అభిరుచి మారిందన్న వాదనకు 1999లో వచ్చిన ‘ది మేట్రిక్స్’ను చూపిస్తారు. పోరాట విద్య తెలియని నటులు తీగల సాయంతో అద్భుతాలు చేస్తుంటే ఇక కరాటే వీరుడితో పనేముందని. ఆ సినిమా ఎలా తయారైందో చూస్తే వాదన తిరగబడుతుంది. ఫైట్ మాస్టర్ యూన్ వూ పింగ్‌ను హాంకాంగ్ నుంచి బృందంతో సహా పిలిపించి, నటులకు నెలల తరబడి శిక్షణ ఇప్పించారు. అంటే వాన్ డామ్‌కు ఇవ్వని సమయాన్ని, బృందాన్ని కియాను రీవ్స్‌కు ఇచ్చారు. అదే రీవ్స్‌కు యాభై ఏళ్ళప్పుడు, ఒకప్పుడు అతనికి డూప్‌గా చేసిన చాడ్ స్టహెల్‌స్కీ ‘జాన్ విక్’ తీశాడు. పొడవైన షాట్లు, మనిషంతా కనిపించే ఫ్రేములు, ముందుగా నెలల సాధన. జనం ఎగబడి చూశారు. అలాంటి పోరు మీద మోజు ఎప్పుడూ తగ్గలేదు.

వాన్ డామ్ విషయంలోనూ సమయం ఇచ్చిన ప్రతిసారీ ఫలితం వచ్చింది. 2008లో మబ్రూక్ ఎల్ మెక్రి తీసిన ‘జేసీవీడీ’లో అతను తన పాత్రే వేశాడు. బ్రస్సెల్స్ పోస్టాఫీసు దోపిడీలో ఇరుక్కున్న, దివాలా తీసిన, కూతురు దూరమైన పాత తార. మొదట్లోనే కోత లేని ఒక పొడవాటి పోరాట దృశ్యం. తుపాకులు, మంటలు, గోడలు దాటుకుంటూ వచ్చి చివర్లో సెట్టు గోడ కూలి షాటు చెడిపోతే, నలభై ఏడేళ్ళ వయసులో ఇదంతా ఒకే టేకులో చేయడం ఎంత కష్టమో చెప్పుకుంటాడు. కుర్ర దర్శకుడు తలెత్తి కూడా చూడడు. ఈ వ్యాసంలో నేను చెబుతున్నదంతా ఆ నాలుగు నిమిషాల్లో ఉంది. తర్వాత కథ ఆపి, కెమెరా వైపు తిరిగి అతను ఆరు నిమిషాలపాటు ఒంటరిగా మాట్లాడే సన్నివేశం చూసినవాళ్ళెవరూ ఇతనికి నటన రాదని మళ్ళీ అనలేరు. మరుసటి ఏడాది జాన్ హయమ్స్ తీసిన ‘యూనివర్సల్ సోల్జర్: రీజనరేషన్’ నేరుగా వీడియోకు వెళ్ళిన చిన్న సినిమానే. బల్గేరియాలోని పాత ఉక్కు ఫ్యాక్టరీలో తీశారు. కానీ కెమెరా ఆగి, వాన్ డామ్‌ను వెంబడించి, అతని బరువును చూపించింది. పెద్ద బడ్జెట్‌తో వచ్చిన 1999 నాటి సినిమా కంటే ఇది అన్ని విధాలా గొప్పది.

2013 నవంబర్‌లో వచ్చిన వోల్వో ట్రక్కుల ప్రకటన అందరికీ గుర్తుండేదే. స్పెయిన్‌లో మూతపడ్డ ఒక విమానాశ్రయం, తెల్లవారు వెలుగు, వెనక్కి నడుస్తున్న రెండు ట్రక్కులు. అవి నెమ్మదిగా దూరం జరుగుతుంటే వాటి అద్దాల మీద చెరో పాదం ఆన్చి యాభై మూడేళ్ళ మనిషి రెండు కాళ్ళూ పూర్తిగా చాపుతాడు. భద్రతకు కట్లు కట్టారు, నిజమే. కానీ షాటు ఒక్కటే, మధ్యలో కోత లేదు. రిహార్సలు చేసి, డ్రైవర్లకు వేగాలు కుదిర్చి, వెలుగు కోసం ఆగి తీసిన ఆ ఒక్క నిమిషం, అతను పదేళ్ళపాటు చేసిన డీవీడీ సినిమాలన్నిటికంటే ఎక్కువమందిని చేరింది. ట్రక్కుల కంపెనీ ఇచ్చినంత ఓపిక సినిమా నిర్మాతలు ఇవ్వకపోవడం బాధ కలిగిస్తుంది.

ఈ వాదనకు ఒక హద్దు కూడా ఉంది, దాన్ని దాచడం సరికాదు. సమయం, బృందం ఉన్నాయా లేవా అన్నది పతనాన్ని వివరిస్తుంది, ఎదుగుదలను పూర్తిగా వివరించదు. ఇంగ్లండుకు చెందిన స్కాట్ ఆడ్కిన్స్ ఇందుకు ఉదాహరణ. 2006లో ఐజాక్ ఫ్లోరెంటైన్ దర్శకత్వంలో ‘అన్‌డిస్ప్యూటెడ్ 2’లో బోయ్‌కా అనే ఖైదీ వేషం వేశాడు. పోరాట సినిమాలు ప్రేమించేవాళ్ళను ఎవర్ని అడిగినా ఆ పేరు చెబుతారు. తన్నులో వేగం, ఎత్తు, శుభ్రత చూస్తే మంచి రోజుల వాన్ డామ్‌కు ఏమాత్రం తీసిపోడు. పోరు తీయడం తెలిసిన దర్శకుడు ఉన్నాడు, పడటం తెలిసిన బల్గేరియా బృందం ఉంది. ‘ఎక్స్‌పెండబుల్స్ 2’లో విలన్ వాన్ డామ్‌కు అనుచరుడుగా, ‘జాన్ విక్ 4’లో భారీ కాయం తొడుక్కున్న జూదగాడిగా కనిపించాడు. అయినా థియేటరు ముందు అతని కటౌటు లేవలేదు.

1988లో ఇరవై లక్షల డాలర్ల ‘బ్లడ్‌స్పోర్ట్’కు అమెరికాలో మామూలు థియేటర్లు దొరికాయి, టికెట్ కొన్న కుర్రాడు బయటికొచ్చి నలుగురికి చెప్పే వ్యవధి కూడా దొరికింది. ఇవాళ అంత చిన్న పోరాట చిత్రం నేరుగా ఫోనులోకి వెళ్తుంది. అక్కడ ఆడ్కిన్స్ తన్నిన ఒక్క తన్ను ముక్కగా కోసి లక్షలమంది చూస్తారు, ఆ మనిషి పేరు అడిగేవాళ్ళు కొద్దిమందే. అమెరికా అకాడమీ 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ రూపకల్పనకు ఆస్కార్ ఇస్తామని ప్రకటించింది. మన జాతీయ అవార్డుల్లో ఆ గౌరవం ‘పులిమురుగన్’కు పీటర్ హెయిన్ అందుకోవడంతో పదేళ్ళ ముందే మొదలైంది. ఫైట్ మాస్టరుకూ, పడ్డవాళ్ళకూ పేరు రావడం ఎంతో మంచిది. ఆ పేరు చూసి నిర్మాత ఇంకో పది రోజుల కాల్షీట్లు కూడా ఇస్తాడా, ఆ పది రోజుల్లో పుట్టిన తారను చూపించడానికి వారం రోజులపాటు ఒక థియేటరు ఖాళీగా ఉంటుందా అన్నది ఇంకా తేలలేదు.